తెరుచుకోని పంపకం దస్తావేజు

దస్తావేజులు రాసే మా మావయ్య గారి కోసం నేనొక తెలుగు ఎడిటర్ తయారుచేశాను. అందులో నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది, ఫైలు ఏ రూపంలో దాచాలన్న నిర్ణయం. మూడు దార్లు కనిపించాయి. ఉత్త అక్షరాలుగా దాచితే పట్టికలు పోతాయి. పేరాకొకటిగా విడివిడిగా దాచితే నాకు పని ఎక్కువ. అన్నీ కుదించి ఒకే మూటగా కడితే చిన్నది, చక్కనిది. మూటే కట్టాను.

మావయ్య ఖాళీ పేజీ మీద ఎప్పుడూ మొదలుపెట్టరు. సవ్యంగా రిజిస్టరైన దస్తావేజు కిందే కొత్తది రాస్తే అదీ సవ్యంగా అవుతుందని నమ్మకం. ఏళ్ల రాతంతా ఒకే ఫైల్లో పెరిగింది. సేవ్ నొక్కినప్పుడల్లా పాత మూట చెరిపి, మొదటి నుంచీ కొత్తగా కట్టాలి.

ఒక మధ్యాహ్నం అమలాపురంలో, నేను మావయ్య దగ్గరే ఉన్న రోజున, సేవ్ అవుతుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక ఫైలు తెరుచుకోలేదు. బల్ల ముందు మామిడికుదురు నుంచి వచ్చిన అన్నదమ్ములు కూర్చుని ఉన్నారు. కొబ్బరితోట పంపకం. నెలల తరబడి అలకల తర్వాత కుదిరిన ఒప్పందం ఆ ఫైల్లోనే ఉంది. సాయంత్రంలోగా రిజిస్టరు కావాలి. మర్నాడు తమ్ముడు ఓడ ఉద్యోగానికి వెళ్లిపోతాడు.

"మా వాటాలు పెట్టె మింగేసిందాండీ? పోన్లెండి, ఇద్దరివీ సమానంగానే మింగింది" అన్నాడు తమ్ముడు. అన్న నవ్వలేదు.

"ఆయ్, మా మేనల్లుడు చూస్తున్నాడండి" అన్నారు మావయ్య.

మూటను మొదటి నుంచి విప్పుతూ వచ్చాను. పాత దస్తావేజులన్నీ వచ్చాయి. ఎవరివో పొలాలు, ఎవరివో ఇళ్లు. వీళ్లది అట్టడుగున ఉంది. సరిగ్గా దానికి ముందే తెగిపోయింది.

"వస్తుందా రాదా అల్లుడూ?"

"రాదు మావయ్యా."

ఆయన జీవితంలో మొదటిసారి ఖాళీ పేజీ తెరిచారు. "మళ్లీ చెప్పండి, రాసేస్తాను. తూర్పు హద్దు?"

తూర్పు, దక్షిణం అన్న చెప్పారు. పడమర వచ్చేసరికి, బోదె కాలువ గట్టు మీది చెట్లు తన వాటాలోకే వస్తాయని చెప్పారు.

"అవి మొన్న మీరే కదా అన్నయ్యా, నాకిచ్చేసేరు" అన్నాడు తమ్ముడు.

"నేనా? ఎక్కడ రాసుందిరా? చూపించు."

తమ్ముడు మావయ్య వైపు తిరిగాడు. "మీరు చెప్పండి, మీరే కదా రాసేరు."

"రాసేవాణ్ణేనండీ, సాక్షిని కాను" అన్నారు మావయ్య, తలెత్తకుండా.

ఇద్దరూ నా వైపు చూశారు. రాదని తెలిసిన ఫైలునే మళ్లీ తెరవబోయాను. తమ్ముడు లేచి చెప్పులు వేసుకుంటున్నాడు.