ఎడమ పెడల్ మీది చెక్క

“దిగి తోసుకుంటూ వెళ్లమ్మా అన్నాడు, అంతే తమ్ముడూ. కసరలేదు, లాఠీ ఊపలేదు. అంత మర్యాదగా మాట్లాడే పోలీసు ఎంతమందికి దొరుకుతాడు చెప్పు? నాకు దొరికాడు. దొరికి ఏం లాభం?”

ఇలా అంటూనే కాజాలక్క దారాన్ని మైనం ముక్క మీద రెండుసార్లు లాగి సూదిలోకి ఎక్కించింది. ఒళ్లో నల్ల కోటు ఉంది. నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కుట్టాలంటే కిటికీ వెలుగు కావాలి. అందుకని తను కిటికీ పక్క కుర్చీలోనూ, నేను గుమ్మంలోనూ కూర్చున్నాం. లోపల ఆమె చెల్లెలు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆస్పత్రి లాండ్రీలో రోజంతా దుప్పట్లు మడిచొచ్చి, ఇంట్లో మళ్లీ అదే పని చేస్తుందావిడ.

మేడ మీద ఈ రెండు గదుల్లో అక్కచెల్లెళ్లిద్దరూ ఉంటారు. కింద గదిలో నేనుంటాను. ముప్పై ఏళ్లుగా చేత్తో కాజాలు కుడుతోంది కాబట్టి ఆమె అందరికీ కాజాలక్కే. చొక్కాలు ఎప్పుడో మెషీన్ల పాలయ్యాయి. ఇంక మిగిలినవి కోట్లు. “మెషీన్ కాజా చూడు, తలుపు గడియకు కొట్టిన రేకులా ఉంటుంది. చేత్తో కుట్టింది కనురెప్పలా ఉండాలి,” అంటుంది. అలా అనుకునే కోట్ల దుకాణాలు ఊళ్లో మూడే మిగిలాయి. మూడూ వంతెనకు అవతలే.

కాజాలక్క ఎడమ కాలు కుడికాలి కంటే నాలుగు వేళ్లు పొట్టి. మూడేళ్ల వయసులో వచ్చిన జ్వరం చేసిన పని అది. నాకెలా తెలుసంటే, ఆమె మెట్లు దిగుతుంటే నా నెత్తి మీద ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలిగ్గా వినిపిస్తుంది. దుకాణాల్లో మాత్రం ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లలో వాళ్లామెను సైకిలు దిగి ఉండగా చూడలేదు మరి. దుకాణం ముందు ఆగి, కుడికాలు మెట్టు మీద ఆనించి, బెల్లు రెండుసార్లు కొడుతుంది. లోపల్నుంచి మూట వస్తుంది, ఈవిడ మూట లోపలికి పోతుంది. గుర్రం దిగని దొరసాని అని కోట్ల మేస్త్రీ పేరు పెట్టాడట. ఆ మాట నాకు చెప్పినప్పుడల్లా నవ్వుతుంది, ఎవరో బిరుదిచ్చినట్టు.

సైకిలు మీద అందరిలాగే కనిపించడానికి కారణం వాళ్ల నాన్న. ఆయన చెప్పుల కార్ఖానాలో చెక్క అచ్చులు చెక్కేవాడు. తోలు బిగించి కుట్టడానికి పాదం ఆకారంలో ఉంటాయే, అవి. కూతురి కాలు పెడలుకు అందడం లేదని ఒక అచ్చును అడ్డంగా కోసి, మడమ వైపు ముక్కను ఎడమ పెడల్ మీద మరలతో బిగించి, పైన తోలు పట్టీ వేశాడు. అప్పుడామెకు పదిహేనేళ్లు. ఆ తర్వాత సైకిళ్లు మూడు మారాయి. చెక్క మాత్రం ఒక పెడల్ నుంచి ఇంకో పెడల్‌కి మారుతూ వచ్చింది.

వంతెన మీద కొత్త నిబంధన ఈ మధ్యే పెట్టారు. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు సైకిలు తొక్కకూడదు. దిగి, పక్కనున్న కాలిబాట మీద నడిపించుకుంటూ పోవాలి. కార్లు, బస్సుల మధ్య సైకిళ్లు నలిగిపోతున్నాయని పెట్టారు. అబద్ధమేమీ కాదు, నేనూ రెండు చూశాను. కాజాలక్క బోర్డు చదువుకుంది. అప్పట్నుంచి ఏడింటికే వంతెన దాటి, అవతల మూసి ఉన్న దుకాణం ముందు సైకిలు మీదే కూర్చుని వాళ్లు తెరిచేదాకా ఎదురుచూసేది, పదకొండు దాటాకే తిరిగొచ్చేది. మూడు వారాలు అలా నెట్టుకొచ్చింది.

ఆ రోజు మాత్రం పెళ్లికొడుకు కోటు. మేస్త్రీ పదింటికల్లా కావాలన్నాడు. చివరి కాజా ముగిసేసరికి ఎనిమిదిన్నర. వంతెన మొదట్లో కానిస్టేబుల్ అప్పటికే పది పన్నెండు మందిని దింపి నడిపిస్తున్నాడు. ఈమెనూ ఆపి అదే మాట చెప్పాడు. ఈమె తొందరగా వెళ్లాలంది. వంతెన దాటడానికి పావుగంట, అంతేగా అన్నాడు. నిజమే, మామూలు కాళ్లకు పావుగంట. కాలు బాగోలేదని ఒక్క మాటంటే వదిలేసేవాడేమో. ఆమె అనలేదు. పెడల్ తొక్కి ముందుకు పోయింది.

వంతెన చివర ఇంకొకడు ఆపాడు. వెనకే పట్టుకున్న బళ్లు ఎత్తుకుపోయే లారీ వచ్చింది.

“కుడివైపే దిగాను తమ్ముడూ, ఎప్పట్లాగే. దిగి, రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. కదిలితే తెలిసిపోతుందిగా. వాళ్లు సైకిలు ఎత్తి పైకి విసిరారు. రసీదిచ్చారు. వెళ్లండమ్మా అన్నారు. వెళ్తాన్లే బాబూ, గాలి బాగుందన్నాను. కోటు మూట ఒక కుర్రాడి చేతికిచ్చి మేస్త్రీకి పంపేశాను. గంటసేపు గాలి పీల్చుకున్నాను అక్కడ, ఆ బస్సుల పొగలో.”

లోపల్నుంచి చెల్లెలు, “పీల్చుకో. ఊపిరితిత్తులు కూడా నాలుగు వేళ్లు తగ్గుతాయి,” అంది.

కాజాలక్క దారం తెంపింది.

పట్టుకున్న బళ్లు పెట్టే యార్డుకు మర్నాడు నేనే తోడు వెళ్లాను. రేకుల షెడ్డు, కంచె. లోపల వందల సైకిళ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. గుమాస్తా మంచివాడే. కుర్చీ చూపించాడు. మోకాళ్ల నొప్పులా అమ్మా అని అడిగాడు. ఔను బాబూ, వయసు అంది. ఇంటి దగ్గర్నుంచి నా భుజం పట్టుకుని వచ్చింది కాబట్టి ఆ మాట నాకు మాత్రమే ముల్లులా గుచ్చుకుంది.

సైకిలుకు కాగితాలేమీ ఉండవుగా. అలాంటప్పుడు సొంతదారు బండిని చూడకముందే దాని గుర్తులు ఫారంలో రాసిచ్చి సంతకం చేయాలి. ఆ తర్వాత గుమాస్తా వెళ్లి సరిచూస్తాడు. రెండూ కలిస్తే బండి ఇస్తారు. కాజాలక్క కళ్లజోడు సరిచేసుకుని చక్కటి అక్షరాలతో రాసింది: ఎడమ పెడల్ మీద చెక్క, దాని మీద తోలు పట్టీ. అంతే రాసింది. ఊరంతటికీ ఒకే ఒక సైకిలుకుండే గుర్తు అది. ఇంక వేరే ఏం రాయాలి?

సైకిలు దొరికింది. దూరం నుంచే వేలు చూపించింది, అదే అని. గుమాస్తా ఫారం పట్టుకుని వెళ్లి వంగి చూశాడు. ఎడమ పెడల్ వట్టి ఇనుము. మరలు పట్టిన చోట రెండు బొక్కలు మాత్రం ఉన్నాయి. ఎత్తేటప్పుడో దించేటప్పుడో చెక్క ఊడిపోయింది.

“చెక్క లేదమ్మా.”

“ఉండేది.”

“ఫారంలో ఉందని రాశారు కదా.”

బెల్లు మూత సొట్ట, సీటు కింద పసుపు గుడ్డ, గొలుసు డబ్బా మీద గీత, అన్నీ గబగబా చెప్పింది. బండి కళ్ల ముందుంటే నేనూ చెప్తానమ్మా అవన్నీ అన్నాడు గుమాస్తా. వెటకారంగా కాదు, నిజంగానే ఇబ్బంది పడుతూ అన్నాడు. ఆయనే ఒక దారి చూపించాడు. సొంత బండైతే కాళ్లకు తెలుస్తుంది కాబట్టి ఎక్కి షెడ్డు చుట్టూ ఒక చుట్టు తిరిగి చూపించమన్నాడు.

ఆమె సైకిలు వైపు చూసింది. చెక్క లేకుండా ఆ పెడల్ ఆమెకు అందదు. అందదని చెప్పాలంటే ఎందుకు అందదో చెప్పాలి. నేను నోరు తెరిచాను. ఆమె నా వైపు ఒక్క చూపు చూసింది. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాను. ఇప్పటికీ ఆ మూసుకోవడం మంచిదో చెడ్డదో తేల్చుకోలేకపోతున్నాను.

“ఇవాళ మోకాళ్లు బాలేవు బాబూ,” అంది.

“మోకాళ్లు బాగోనివాళ్లు సైకిలు ఎలా తొక్కారమ్మా నిన్న?”

ఒకసారి ఇచ్చిన ఫారం మార్చడానికి వీల్లేదన్నాడు. బండి పట్టుకున్న కానిస్టేబుల్ వచ్చి చెక్క చూశానని రాసిస్తే సరిపోతుందన్నాడు. లేదంటే వచ్చే సోమవారం వేలంలో అన్నీ కలిపి పాత ఇనుము కింద పోతాయి.

బయటికొస్తుంటే గేటు పక్క కాపలా మనిషి మూడు ఇటుకలు పేర్చి టీ కాచుకుంటున్నాడు. విరిగిన పెట్టెల చెక్కలు, బ్రష్షు పిడి ఒకటి, ఇంకేవో ముక్కలు మండుతున్నాయి. నేను చూశాను. ఆమె నా భుజం మీద బరువు వేసి, అడుగులు లెక్కపెట్టుకుంటున్నట్టు నేల వంక చూస్తూ వచ్చింది.

వంతెన చివర బండి పట్టుకున్న ఆ రెండో కానిస్టేబుల్ని నేనే వెతికి పట్టుకున్నాను. ఆమె ఆయనకు గుర్తుంది. పాపం ఆవిడ బండి ఇంకా ఇవ్వలేదా అన్నాడు. చెక్క మాట అడిగితే చాలాసేపు గుర్తు చేసుకున్నాడు. ఆవిడ కుడివైపు దిగింది, ఎడమ వైపు నాకు కనిపించలేదండీ, చూడనిది చూశానని ఎలా రాయను అన్నాడు. ముప్పై ఏళ్లు ఎవరి కంటా పడకుండా దాచుకుంది, ఆయన కంట పడకపోవడంలో ఆయన తప్పేముంది.

ఇదంతా చెప్పడానికే ఈ సాయంత్రం మేడెక్కాను. ఆమె విని, వంతెన మొదట్లో ఆపిన కానిస్టేబుల్ మర్యాదను మెచ్చుకుంటూ మొదలుపెట్టింది.

చెల్లెలు మడతలు ఆపి లోపలి గది గుమ్మంలోకి వచ్చింది. “రేపు నేను సెలవు పెడతాను. ఇద్దరం పోదాం. కాలు చూపించు. గుమాస్తాకి చూపించు, ఆ కోట్ల మేస్త్రీకీ చూపించు. నువ్వు దొంగతనం చేసిన కాలా అది?”

“నీకు తెలీదులే.”

“నలభై ఏళ్ల నుంచి పక్కన పడుకుంటున్నదాన్ని నాకు తెలీదా?”

“నీకు తెలుసు. అదే చాలు.”

చెల్లెలు లోపలికి వెళ్లింది. దుప్పటి దులిపిన చప్పుడు మాత్రం గట్టిగా వినిపించింది. మేస్త్రీ కబురు పంపాడట, దొరసాని రావడం మానేసిందేంటి, మెషీన్‌కి ఇచ్చేయమంటారా అని. ఈ కోటు చెల్లెలు చేతికిచ్చి పంపుతుంది. ఆ తర్వాతి కోటు సంగతి ఎవరూ ఎత్తలేదు. కొత్త చెక్క చేయించొచ్చు కదక్కా అన్నాను. ఎక్కడ పెట్టమంటావు దాన్ని, నా నెత్తి మీదా అంది.

వెలుగు తగ్గింది. కోటు మడిచి పక్కన పెట్టింది. నేను లేచాను.

“తమ్ముడూ, రేపు పనికి ఆ గేటు మీదుగానే పోతావుగా. లారీ వెనక్కి పెట్టి బళ్లు దించుతారే, అక్కడ గోడ మొదట్లో ఒకసారి చూడు. జానెడుండదు. మడమ వైపు అరిగి నున్నగా ఉంటుంది. పట్టీ ఉండొచ్చు, తెగి ఉండొచ్చు.”

మూడిటుకల పొయ్యి కళ్ల ముందు మెదిలింది. చూస్తానక్కా అన్నాను. నాలుగు మెట్లు దిగాక మళ్లీ పిలిచింది.

“ఎవరైనా ఏంటది అని అడిగితే చెప్పుల అచ్చు ముక్క అని చెప్పు. అబద్ధం కాదుగా. అంతకుమించి ఏమీ చెప్పకు.”