ఆకుపచ్చ బిళ్ళ

మూడేళ్ల పిల్లాడు పుట్టినరోజు కేకు మీది మిఠాయి బిళ్ళ గొంతుకు అడ్డుపడి చనిపోతే, ఆ నేరం మా పెద్దమ్మ నెత్తిన పెట్టారు. మెత్తటి బిళ్ళల బదులు చవగ్గా వస్తున్నాయని గోళీల్లాంటి గట్టివి తెచ్చాడు ఆవిడ పనిచేసే బేకరీ యజమాని.

"చిన్నపిల్లలకి ఇవి వద్దండీ" అని పెద్దమ్మ చెప్పింది.

"కొనడం నా పని, అద్దడం నీ పని" అన్నాడు.

తర్వాత పిల్లాడి తండ్రి వచ్చి నిలదీస్తే అదే పెద్దమనిషి, "పెట్టింది ఆవిడ, ఆవిణ్ణే అడగండి" అన్నాడు. పాలవాణ్ణి కూడా వదలని నోరు పెద్దమ్మది. ఆ రోజు మాత్రం తల వంచుకుని ఇంటికొచ్చేసింది.

పని పోయాక ఇంట్లోనే కేకులు చేసేది. ఎవరైనా రంగు బిళ్ళలు కావాలంటే ప్రతి రకంలోంచీ ఒకటి ముందు తన నోట్లో వేసుకునేది. నమలదు. కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. పూర్తిగా కరిగితేనే ఆ రకం కేకు మీదికి ఎక్కేది. అసలే షుగర్ మనిషి. ఆకుపచ్చవి మాత్రం ఏరి పారేసేది. ఆ పిల్లాడి గొంతులోంచి తీసింది ఆకుపచ్చదట.

"ఆ బేకరీ ముందు నిలబడి వాడి బండారం నలుగురికీ చెబుతాను పెద్దమ్మా."

"చెప్పు. నొక్కిన వేలు ఎవరిదంటే ఏం చెబుతావు?" అని తన బొటనవేలు చూసుకునేది.

ఆవిణ్ణి చివరిసారి చూసింది మా అక్క కూతురి మూడో పుట్టినరోజున. "అమ్మమ్మా, అన్నీ ఆకుపచ్చవే పెట్టు" అని పిల్ల పట్టుబట్టింది. పెద్దమ్మ సరేనంది. నాలుక మీద పడగానే కరిగిపోయే రకం వెతికి మరీ తెచ్చింది అక్క.

నేను వంటింట్లోకి వెళ్లేసరికి, తిరిగే పీట మీద కేకు నున్నటి బటర్‌క్రీముతో సిద్ధంగా ఉంది. పక్కన గిన్నె నిండా ఆకుపచ్చ బిళ్ళలు. కేకు మీద ఒక్కటీ లేదు.

"క్రీము ఆరిపోతోంది పెద్దమ్మా. పొర కడితే ఇక బిళ్ళలు అంటవని నువ్వేగా అంటావు."

ఆగమన్నట్టు చెయ్యెత్తింది.

"అవతల నీ మనవరాలు కత్తి పుచ్చుకుని కూర్చుంది. ఇంకాసేపైతే కేకు బదులు మా బావని కోసేస్తుంది."

కళ్ళు మూసుకుని కూర్చునే ఉంది.

"నోట్లో ఏముంది?" అన్నాను.

నోరు తెరిచి చూపించింది. ఏమీ లేదు. నాలుకకు రంగైనా అంటలేదు. మళ్లీ మూసుకుని, పెదవులు కదిలీ కదలకుండా అంది:

"ఉండరా. ఇంకా కరగలేదు."