గుట్ట కింది నేల

అక్క పోయిందని ఫోన్ వచ్చేటప్పటికి నేను తనకల్లు దగ్గర మా చేన్లో వేరుశనగకు కలుపు తీయిస్తున్నాను. బొగ్గుగనుల ఊళ్లో ఆమెతో పనిచేసే ఆయన చేశాడు. పొద్దున ఆఫీసుకు రాలేదని క్వార్టర్‌కు మనిషిని పంపారట. కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే ఉందట. గుండె ఆగిపోయిందన్నారు. పక్కన ఎవరూ లేరు. చాలా ఏళ్లుగా ఎవరూ లేరు.

మా అక్క నేలను పరీక్షించే ఇంజనీరు. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు తీయాలంటే ముందు దాని మీదున్న మట్టీ రాయీ తవ్వి ఇంకోచోట పోయాలి. పోసింది పోసినట్టు పెరిగి కొండంత గుట్టవుతుంది. ఆ బరువును అడుగున నేల మోస్తుందా లేదా అని ముందే చూసి చెప్పడం ఆమె పని. బోర్లు వేయించి, లోపలి మట్టిని గొట్టాల్లో పైకి తీయించి, ఎంత మెత్తగా ఉందో, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూసేది.

"గుట్టను అందరూ చూస్తారు. కింద ఏముండాదో ఒకరన్నా చూడల్ల కదప్పా," అనేది.

ఒకసారి ఆమెకు జ్వరమొస్తే పోయి కొన్నాళ్లు ఉన్నాను. ఆ ఇంట్లో అన్నీ ఒక్క మనిషికి సరిపడే చిన్న గిన్నెలే. నేను తినడానికి కంచం కొనుక్కొచ్చుకున్నాను. జ్వరం తగ్గీ తగ్గకముందే నన్ను జీపెక్కించుకుని, కొత్త గుట్ట పోయబోయే బీడు దగ్గరికి తీసుకుపోయింది. ఒక పక్క చిన్న కాలనీ. గొట్టంలోంచి తీసిన మట్టి ముద్ద నా చేతిలో పెట్టింది. నల్లగా, వేళ్ల సందుల్లోంచి జారుతోంది.

"ఒకప్పుడు ఈడ వాగు పారినట్టుండాది. పైపైన గట్టి నేలే. కింద ఇదీ. బరువు పడితే పక్కకు జారతాది. ఆ ఇండ్ల మీదికి."

"మరి పెద్దోళ్లకు చెప్పల్యా?"

"చెప్పినా. ఈ మన్నంతా తీసేసి, రాయి పరిచి, నీళ్లు పోయేదానికి దారి చేసినాకనే గుట్ట పోయల్లని రాసిచ్చినా. పని ఆగిపోతాదని అందరికీ కోపం."

ఆ కోపం మధ్యాహ్నం క్యాంటీన్‌లో నేనూ చూశాను. మేం కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. అక్క తలొంచుకుని మజ్జిగన్నం తింది.

"నీకేంటికక్కా ఇదంతా? సంతకం పెట్టేసి ఊరికొచ్చేయ్," అన్నాను.

"పెట్టేసి వస్తే, ఊర్లో నిద్ర పడతాదా నాకు?"

చివరికి ఇళ్ల వైపు మాత్రం ఆ మన్ను తవ్వేయడానికి ఒప్పుకున్నారు. మిగతా వైపు గుట్ట ఎత్తు తగ్గిస్తామన్నారు. అంతకంటే ఆమె సాధించలేకపోయింది. గుట్ట లేచింది.

మా దిక్కు మబ్బు పడితే చేతిలో పని ఆపి ఆకాశం చూస్తాం. అక్కకు వానంటే వేరే లెక్క. పోయినేడు ముసురు రోజుల్లో ఫోన్ చేసి, "ఆడ పడిందా?" అని అడిగింది.

"ఒక్క చినుకు లేదక్కా. చేన్లో చెట్టంతా వాడిపోతాండాది."

"ఈడ వదలకుండా పడతాండాది రా."

ఆ గొంతులో ఉన్నది భయమని నాకు కొంచెంసేపటికి గానీ తెలియలేదు. వాన పడినప్పుడల్లా గొడుగు వేసుకుని గుట్ట చుట్టూ నడిచేదట. నేల పగిలిందేమో, ఎక్కడైనా ఉబ్బిందేమో చూసుకుని వచ్చేదట. తోడెవరన్నా వస్తారా అని అడిగాను.

"జారని గుట్టను చూసేదానికి ఎవరొస్తారప్పా," అని నవ్వింది.

గుట్ట జారలేదు. ఆమె మాట కొంతైనా విన్నందుకా, అసలు జారేదే కాదా, చెప్పగలిగినవాళ్లు లేరు. మంచి పని చేశావని కూడా ఆమెతో ఎవరూ అనలేదు. ఏమీ జరగలేదు కదా, ఏమని అంటారు?

అక్కను తెచ్చి నాయన పక్కనే పూడ్చాం. దినాలయ్యాక ఆమె సామాను కోసం మళ్లీ ఆ ఊరికి పోయాను. రెండు పెట్టెల్లో సరిపోయింది. తిరిగి వస్తూ డ్రైవర్‌ను గుట్ట వైపు పోనిమ్మన్నాను. దాని ఒంటి నిండా తుమ్మా వేపా మొలిచి పచ్చగా ఉంది. కింద కాలనీలో ఒకావిడ గుట్టకు వీపు పెట్టి కూర్చుని, మంచం మీద పరిచిన పాత చీరపై వడియాలు పెడుతోంది. కాకి వాలబోతే చెయ్యి విసిరి అదిలించింది. మళ్లీ పిండిలో చెయ్యి ముంచింది. నేను అక్కడున్నంతసేపూ ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి గుట్టను చూడలేదు.