మగ్గం చప్పుడు చాటున చరణం

పెద్దమ్మ పోయిందన్న కబురు వచ్చేసరికి బాపు మగ్గం మీద ఉన్నాడు. అమ్మ వాకిట్లోంచి ఒక్క పరుగున వచ్చి, "మగ్గం ఆపుండ్రి. గోడవతల అక్క పోయింది" అన్నది. బాపు విన్నాడు. విని కూడా ఆపలేదు. తల వంచుకొని, ఇంకా గట్టిగా, చాలాసేపు నేస్తూనే ఉన్నాడు. చావింటి పక్కన మగ్గం ఆడిస్తున్నాడేమిటని వీధిలో వాళ్ళు తొంగిచూసి తప్పు పట్టారు. ఆయన ఎందుకు ఆపలేదో అమ్మకూ నాకూ తెలుసు. మీకు తెలియదు. అది చెప్పాలనే మన చేతిరాత పత్రికలో ఈ పుటలు అడిగి తీసుకున్నాను.

ఆమె మాకు చుట్టం కాదు. వాళ్ళది తరతరాలుగా సంగీతం ఇల్లు, మాది నేతగాళ్ళ ఇల్లు. రెండిళ్ళకూ మధ్య ఒకటే మట్టిగోడ. ఆ గోడకు ఇటు నేలలో గుంట తీసి వేసిన మా మగ్గం, అటు ఆమె వంటగది. ఆమె బాపును తమ్మీ అనేది, బాపు ఆమెను అక్కా అనేవాడు. అమ్మ కూడా అక్కా అనే పిలిచేది; అమ్మ వైపు నుంచే నాకు పెద్దమ్మ అయింది.

మొన్న మన గ్రంథాలయంలో ఆమెకు సంతాపసభ జరిగింది. ఈ లిఖిత పత్రిక చదివే మీలో చాలామంది అక్కడ ఉన్నారు. వకీలుగారు లేచి చక్కగా మాట్లాడారు. గాత్రమాధుర్యం అన్నారు, వంశగౌరవం అన్నారు. నాకు మాటలంటే కొన్నేళ్ళ కిందట పిచ్చి పట్టుకుంది. కొత్త మాట వినపడితే చాలు, పుస్తకం అట్ట మీద రాసుకుంటాను. ఆ రోజూ రాసుకుంటున్నాను. అంతలో ఆయన, "పాపం, చరణాలు ఆమెకు అబ్బలేదు. అయినా ఆ సగం పాటే మనకు పదివేలు" అన్నారు. మీరంతా తలలు ఊపారు. ముందు వరుసలో ఆమె అన్నగారు చేతికర్ర మీద గడ్డం ఆనించుకొని కూర్చున్నారు. ఆయనా ఊపారు. నా పెన్సిలు మొన విరిగింది.

వకీలుగారు తెలియక అన్నారు. మీరు తెలియక ఊపారు. అన్నగారికి తెలుసు. తెలిసి ఊపారు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. వాళ్ళ ముత్తాత కట్టిన కీర్తనలు ఇరవై దాకా ఉన్నాయి. ఆ ఇంటివాళ్ళు సభలో అవే పాడతారు, ఇంకొకరివి పాడరు. కొడుకులకు పల్లవి, అనుపల్లవి, చరణం అన్నీ నేర్పుతారు. ఆడపిల్లలకు అనుపల్లవితో ఆపేస్తారు. చరణంలో ముత్తాత పేరు ఉంటుంది. పిల్ల రేపు పెళ్ళయి వేరే ఇంటికి పోతే ఆ పేరు కూడా ఆమె వెంట పోతుందని భయం. పెద్దమ్మకు చిన్నప్పుడే పెళ్ళి చేశారు. అత్తగారింటికి పంపకముందే ఆ పెళ్ళికొడుకు విషజ్వరంతో పోయాడు. ఆమె ఏ ఇంటికీ పోలేదు. పుట్టిన ఇంట్లోనే ముసలిదైంది. ఆచారం మాత్రం ఆమెను వదల్లేదు. ఎక్కడికీ పోని మనిషి నుంచి ఆ చరణం ఎక్కడికి పోతుందని ఒక్కరూ అడగలేదు.

అయినా ఆమెకు అన్ని చరణాలూ వచ్చాయి. ఎట్లా వచ్చాయో ఆమే చెప్పింది.

"అన్నకు నాయిన చెప్పేటప్పుడు నేను అటుపక్క కూసోని బియ్యం చెరిగేదాన్ని. చేట ఆగితె అనుమానమొస్తదని చెరిగిన బియ్యమే మల్ల చెరిగేదాన్ని. మా ఇంట్ల అన్నం గంత తెల్లగ ఎందుకుంటదో ఎవలకు తెల్వకపోయేది బిడ్డా."

అన్నగారికి ఒక చరణం పట్టుబడటానికి పక్షం రోజులు పట్టేదట. పెద్దమ్మకు రెండు చేటల బియ్యం.

ఒకనాడు పాఠం చెబుతూ చెబుతూ తండ్రే ఒక పాదం మరిచిపోయాడు. అన్నగారికీ అందలేదు. ఇద్దరూ తడుముకుంటుంటే పెద్దమ్మ నోరు ఆగలేదు. చేట అవతలి నుంచి ఆ పాదం అందించింది. ఆ తండ్రి మెచ్చుకున్నాడని మీరు అనుకుంటే పొరపాటు. పిల్లను పిలిచి, తంబుర మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. చరణం ఆమె నోటి నుంచి పరాయి చెవిన పడకూడదు.

తండ్రి పోయాక అన్నాచెల్లెళ్ళు కలిసి కచేరీలు చేశారు. ఆమె రాగం తీసి, పల్లవి, అనుపల్లవి పాడి ఆగేది. చరణం అన్నగారు అందుకునేవారు. హసన్‌పర్తి, పరకాల, చుట్టుపక్కల దొరల దేవిడీలు, కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు దాకా వెళ్ళి పాడారు. జనం అదేదో ఆ ఇంటి బాణీ అనుకున్నారు. పరకాలలో ఒక పెద్దమనిషి, "చెల్లె గోడలు లేపితె అన్న కప్పు ఏస్తాండు" అని మెచ్చుకున్నాడట. పెద్దమ్మ ఆ మాట చెప్పినప్పుడల్లా నవ్వేది. "ఆ కప్పు సంగతి వాన పడ్డనాడు తెలుస్తది" అనేది.

వాన పడ్డ రోజు హనుమకొండ కచేరీ రోజు. అన్నగారికి గొంతు పూర్తిగా పట్టేసింది. అయినా వచ్చి పక్కన కూర్చున్నారు. పెద్దమ్మ అనుపల్లవి ముగించి ఆగింది. ఆయన నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమె మళ్ళీ పల్లవికి వెళ్ళింది, మళ్ళీ అనుపల్లవి పాడింది, మళ్ళీ ఆగింది. మృదంగం వాయించే ఆయన బిత్తరపోయి ఇద్దరి మొహాలూ చూశాడు. వెనక నుంచి ఎవరో, "ఏందమ్మా, ఆడాడనే తిరుగుతాన్నవ్? చరణం రాదా ఏంది?" అని అరిచారు. పందిరంతా నవ్వింది.

అప్పుడు ఆమె అన్న వైపు చూసింది. ఒట్టు వేయించుకున్న తండ్రి లేడు. ఇంటికి పెద్ద ఇప్పుడు ఆయనే. 'పాడు' అని ఆయన చెయ్యి ఊపితే చాలు. గొంతు లేకపోయినా చెయ్యి ఉంది కదా. ఆ చెయ్యి కండువా తీసి మూతి తుడుచుకుంది. పెద్దమ్మ మూడోసారి పల్లవి పాడి, మంగళం పాడి లేచింది.

ఆ తరువాత ఆమెను ఎవరూ కచేరీకి పిలవలేదు. సగం పాటావిడ అని పేరు పడింది. ఆయనను పిలిచారు. ఆయనకు చరణాలు వచ్చు కదా!

ఇక ఆమె సభ అంతా మా గోడవతలి వంటగదే. పొద్దున గోడ మీద గరిటెతో రెండు దెబ్బలు వినపడేవి.

"తమ్మీ, మగ్గం గుంటల దిగినవా?"

"దిగిన అక్కా. కానియ్యి."

పొయ్యిలో కట్టె వెనక్కి లాగిన చప్పుడు వినిపించేది. పాటకు పొగ తగలొద్దని ఆమె పట్టింపు. పల్లవి, అనుపల్లవి మామూలు గొంతుతో పాడేది. చరణం దగ్గరికి రాగానే బాపు నూలును బిగించే పలక దెబ్బ గట్టిగా వేసేవాడు. ఆ చప్పుడు చాటున ఆమె చరణం మొత్తం పాడుకునేది. వాళ్ళింటి ముందు అరుగు మీద కూర్చున్న అన్నగారికి మగ్గం చప్పుడే వినపడేది. గోడకు ఆనుకొని ఉన్న మాకు మాత్రం చరణం వినపడేది. ఒకసారి సావుకారు బట్ట మీద వేలు పెట్టి, "ఈడ పల్చగున్నది, ఈడ దట్టంగున్నది, ఏందిది?" అని అడిగితే బాపు, "గాలి మారింది సేటూ" అన్నాడు. దట్టంగా ఉన్న చోటల్లా పెద్దమ్మ చరణం ఉంది. ఆ చీరలు ఎవరు కట్టుకున్నారో.

ప్రపంచ యుద్ధం వచ్చింది, నూలు దొరక్కుండా పోయింది. మా వీధిలో మగ్గాలన్నీ పడుకున్నాయి. ఒక పొద్దున గరిటె చప్పుడు వినపడింది. "నూలు లేదక్కా" అన్నాడు బాపు. మరునాడు గరిటె మోగలేదు. ఆ మరునాడూ మోగలేదు. నాలుగో రోజు బాపు చాయ తాగి, మగ్గం గుంటలోకి దిగి, ఒక్క పోగు లేని ఉత్త మగ్గాన్ని ఆడించడం మొదలుపెట్టాడు.

అమ్మ పరుగెత్తుకొచ్చింది. "నెత్తి గిన ఖరాబైందా? పోగు లేదు, ఏం లేదు. ఏం నేస్తాండ్రు?"

"చరణం నేస్తాన. నువ్వు పొయ్యి కాడికి పో."

నూలు దొరికేదాకా, కొన్ని నెలల పాటు, బాపు రోజూ పొద్దున అట్లా ఉత్త మగ్గం ఆడించాడు. మగ్గం ఆగితే ఆమె పాట బయటపడుతుందన్న భయం ఆయన చేతుల్లోకి ఇంకిపోయింది. ఆమె పోయిందన్న కబురు విని కూడా ఆపలేకపోయింది అందుకే.

నేను బడిలో చదివేది ఉర్దూ. తెలుగు అక్షరాలు మన గ్రంథాలయంలోనే నేర్చుకున్నాను. ఈ పత్రికలో రాస్తున్న ఆడపిల్లను నేనొక్కదాన్నే. పెద్దమ్మకు రాత రాదు. ఉత్త మగ్గం ఆడుతున్న రోజుల్లోనే ఒకనాడు నన్ను వంటగదిలో కూర్చోబెట్టి, ఆమె పాడుతుంటే రాసుకోమన్నది. నేను బెదిరిపోయాను.

"మరి ఒట్టు పెద్దమ్మా?"

"పరాయి చెవి అన్నడు నాయిన. నువ్వు పరాయిదానివా? అయినా ఒట్టు నాది. నీది గాదు."

బాపు మగ్గం చప్పుడు చాటునే రెండేళ్ళు రాశాను. రాసింది చదివి వినిపించమనేది. ఎక్కడైనా తొందరపడితే పోపుగరిటెతో నా మోకాలి మీద కొట్టేది. "నీకు మాటల మీద మోజు బిడ్డా, ఉండనీ. గని మాటను దమ్ము పట్టి నిలబెట్టాలె. అది ఉరుకుతాంటె నువ్వెందుకు ఉరుకుతవ్?" అనేది. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ గరిటె దెబ్బ తగులుతున్నది. ఆగి ఆగి రాస్తున్నాను. కోపం ఉరుకుతున్నది, నేను ఉరకడం లేదు.

ఒకరోజు ఉండబట్టలేక, "ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టరాదు! ఒక్కసారి అందరి ముందట పాడు" అన్నాను. ఆమె పప్పు కలుపుతూనే చెప్పింది.

"నాయిన భయం ఎన్నడో పోయింది బిడ్డా. నాకు రాగమున్నది, పల్లవున్నది, గొంతున్నది. అన్నకు ఆ చరణమొక్కటే ఉన్నది. అదీ నేను గుంజుకుంటె ఆయన ఏమైతడు?"

ఇది విని మీ కళ్ళు చెమర్చితే చెమర్చవచ్చు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆయన ఏమైపోతాడోనని ఈమె ఆలోచించింది. ఈమె ఏమైపోయిందో ఆయన ఆలోచించలేదు. పోయిన మనిషి మీద కోపం ఉండకూడదంటారు. నాకు పెద్దమ్మ మీద కూడా కోపం ఉంది. ప్రేమ ఉంది కాబట్టే ఉంది.

సంతాపసభ అయిన మూడోనాడు అన్నగారు మా ఇంటికి వచ్చారు. ఇన్నేళ్ళలో మా గడప తొక్కడం అదే మొదలు. బాపు గబగబా చాప పరిచాడు. ఆయన కూర్చోలేదు.

"నీ బిడ్డ దగ్గర ఏదో నోటుబుక్కు ఉన్నదట గద. ఇంటి సొత్తు ఇంటికి రావాలె."

ఆయన కొడుకులు ఇద్దరూ కాజీపేటలో రైల్వే నౌకరీలు చేస్తారు. ఎవరూ పాడరు. బాపు నా వైపు చూశాడు. నేను లేచాను.

"పెద్దమ్మకు చరణాలు రావంటే తల ఊపిండ్రు గద మామా. మరి ఈ బుక్కుల ఎవల చరణాలున్నయ్?"

"ఆడపిల్లకు ఇంత నోరా?"

"మా ఇంట్ల నోరు మూపిచ్చే ఆచారం లేదు మామా."

బాపు నన్ను కోప్పడతాడనుకున్నాను. ఆయన చాప అంచు సర్దాడు. అన్నగారు అప్పుడు కూర్చున్నారు. ఉన్నట్టుండి ముసలివాడైపోయినట్టు కనిపించారు.

"కాంభోజి కీర్తన చరణంల రెండో పాదం యాదికి వస్తలేదు బిడ్డా. నెల దినాలసంది ఎతుకుతాన. ఆమెను అడుగుదామనుకున్న. అడగక ముందే పాయె."

జాలి కలగలేదంటే అబద్ధం. కానీ జాలి కోపాన్ని ఆర్పలేదు.

"ఇస్త మామా. అదే గ్రంథాలయంల, అందరి ముందట నిలబడి, 'నా చెల్లెకు అన్ని చరణాలు వచ్చు, పాడనియ్యంది నేను' అని చెప్పుండ్రి. ఆ పొద్దే తెచ్చి మీ చేతుల పెడుత."

ఆయన చేతికర్ర తీసుకొని వెళ్ళిపోయారు. ఇది రాసే రోజు వరకు ఆ మాట చెప్పలేదు. అందుకే నేను చెబుతున్నాను. పెద్దమ్మ సగం పాట పాడే మనిషి కాదు. మీరు సగమే విన్నారు.

నిన్న పొద్దున బాపు మగ్గం గుంటలోకి దిగాడు. నేను పక్కన కూర్చొని ఆ కాంభోజి కీర్తన ఎత్తుకున్నాను. నాది ఆమె గొంతు కాదు, అయినా పాడాను. పల్లవి అయింది. వీధిలో చేతికర్ర చప్పుడు వినపడింది. అన్నగారు రోజూ ఆ వేళకే నడకకు బయలుదేరతారు. అనుపల్లవి అయింది. చరణం రాగానే, గట్టి దెబ్బ వేయడానికి బాపు చెయ్యి అలవాటుగా లేచింది. లేచిన చెయ్యి అట్లాగే ఆగింది. కాళ్ళు ఆగాయి. మగ్గం ఆగింది.

ఆ చరణం మగ్గం చప్పుడు లేకుండా వినడం నాకూ అదే మొదటిసారి. భయమేసింది. అయినా ఆగి ఆగి, ఉరకకుండా పాడాను. రెండో పాదం దగ్గర వీధిలో కర్ర చప్పుడు ఆగిపోయింది.

చరణం అయిపోయింది. కర్ర మళ్ళీ కదలలేదు. బాపు పోగు ఆడించే నాడెను ఒళ్ళో పెట్టుకొని గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.