పెండ్లి కార్డులో చిన్న డీ

కొన్నేళ్ళుగా ఒక ఇంగ్లీషు అక్షరాన్ని గుండెల మీద మోస్తున్నాను. చిన్న డీ. చీమ తల కన్నా చిన్నది. బరువు మాత్రం ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి లారీలన్నీ ఒకేసారి నా మీదే దించినంత.

మీకే చెబుతున్నాను. ఇంకెవరికి చెప్పినా పొద్దుగూకే లోపు హన్మకొండంతా తెలిసిపోతుంది.

నాది డీటీపీ షాపు, కార్డులూ ఫ్లెక్సీలూ టైపు చేసి అచ్చేయించే పని. ఇంగ్లీషులో ఉద్యోగం పేరుకు పెద్ద అక్షరం ఎప్పుడు పెట్టాలో నాకు తెలుసు. మనిషి పేరు ముందు బిరుదులా తగిలిస్తే పెద్దది. పేరు తర్వాత, ఫలానా పని చేస్తాడని చెబితే చిన్నది. ఇంతే రూలు. వరంగల్‌లో ఒక్కరు దీన్ని ఒప్పుకుంటే ఒట్టు! క్లర్కుకు పెద్దక్షరం కావాలి. క్లర్కు బామ్మర్దికి అంతకన్నా పెద్దది కావాలి. కాలనీ కమిటీ జాయింట్ సెక్రటరీకైతే అక్షరాలు ఫ్లెక్సీ దాటి పక్కింటి గోడ మీదికి పాకాలి. తెలుగులో ఈ పీడ లేదు. కలెక్టరైనా కూలీ అయినా ‘క’ ఒకటే సైజు.

నా పాత గిరాకీ ప్రకాశం తన కూతురి పెండ్లి కార్డు నాకే ఇచ్చాడు. చర్చిలో పెండ్లి, కార్డంతా ఇంగ్లీషు. కింద పిలిచేవాళ్ళ పేర్లు, పక్కన ఉద్యోగాలు. సీనియర్ అసిస్టెంటు ఫోన్ చేశాడు. హెడ్ కానిస్టేబుల్ రెండుసార్లు చేశాడు. మాజీ సర్పంచి స్వయంగా వచ్చి నా కుర్చీలోనే కూర్చున్నాడు. అందరికీ పెద్దక్షరాలే. నా తల పొయ్యి మీది గిన్నెలా ఉడికింది. ఒక్కచోటైనా రూలు పాటించి తీరతాననుకున్నాను. ఫోన్ చేయనివాడు ఒక్కడే కనిపించాడు. ప్రకాశం వాళ్ళ అన్న దేవదానం, డ్రైవర్. ఆయనకు చిన్న డీ పెట్టాను.

ప్రకాశం ప్రూఫులో తన పేరు మాత్రమే చూసుకుని సరేనన్నాడు.

కార్డులు పంచాక దేవదానం షాపుకు వచ్చాడు. జీవితమంతా రోడ్డు బోర్డులు చదివిన కళ్ళు. కార్డు మీద వేలు పెట్టాడు.

"తమ్మీ, అందరికీ పెద్ద ఏబీసీడీలున్నయి. నాకొక్కనికే గీ చిన్నది ఎందుకు? మా ప్రకాశం చెప్పిండా?"

"నాకేం తెల్వదన్నా. వాళ్ళిచ్చినట్టే కొట్టిన."

"గట్లనా." కార్డును జేబులో పెట్టుకున్నాడు. "గీ స్టీరింగ్ పట్టుకొని వాన్ని సదివిచ్చిన. గిప్పుడు నా పని చెప్పుకునేటందుకు సిగ్గయితాందా వానికి?"

నోరు తెరిస్తే అయిపోయేది. నాదే తప్పన్నా, అంటే చాలు. ఎందుకనలేదు? కార్డులు మళ్ళీ కొట్టాలనా? కాదు. ‘నాకే ఎందుకు పెట్టినవ్?’ అని ఆయన అడుగుతాడని. నాకు రూలు తెలుసు, దాన్ని సర్పంచి మీద వాడే దమ్ము మాత్రం లేదు. ఎదురు అడగడని నమ్మిన మనిషి మీదే వాడాను. అది ఇంగ్లీషా? పిరికితనమా?

పెండ్లికి దేవదానం రాలేదు. పాస్టరుగారు పాట మీద పాట పాడిస్తూ ఎదురుచూశారు. పెండ్లికూతురు గుమ్మం వైపే చూస్తూ నిలబడింది. తన కూతురికి పెండ్లవుతుంటే అన్న ఓర్వలేకపోయాడని ప్రకాశం నమ్మాడు. తమ్ముడికి తానంటే నామోషీ అని అన్న నమ్మాడు. ఆ తర్వాత మాటల్లేవు.

ఇంకా ఘోరం ఏమిటంటే, ఇద్దరూ ఇప్పటికీ నా షాపుకే వస్తారు. ఒకరు లోపలుంటే ఇంకొకరు రోడ్డవతల ఎండలో నిలబడతారు. ఊళ్ళో ఇంకో జిరాక్స్ మిషనే లేదా మహానుభావులారా!

రేపు వాళ్ళకు చెబుతానని మీకు మాట ఇవ్వలేను. నా సంగతి నాకు తెలుసు. ఇక్కడైతే రాస్తున్నాను. ప్రకాశం చెప్పలేదు. నేనే పెట్టాను, కావాలనే పెట్టాను. ఇది రాశాక ఊపిరి చాన్నాళ్ళకు లోపలిదాకా వెళ్ళింది.