మా బాబాయి ఎండదెబ్బతో చంపిన జర్మన్ హీరో

మా చిన్నప్పుడు... మా బాబాయి నిక్షేపంలాంటి హీరోని ఎండదెబ్బతో చంపేశాడు. ఆ చావు అబద్ధమని నాకు మొన్ననే తెలిసింది. అందుకే ఈ పోస్టు.

అప్పుడు ఇక్కడే, బిషాన్ పేటలో, అందరం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. బాబాయి పాత సామాన్ల అంగట్లో, అట్ట మీద తలపాగా, కత్తి చూసి, జానపదం అనుకుని ఒక సినిమా డిస్కు తెచ్చాడు. తీరా పెడితే... జర్మన్ మూకీ! ఏదో నవలని తీసిన సాహసగాథ. మధ్యమధ్య తెర మీద జర్మన్ రాతలు తప్ప ఒక్క మాట లేదు.

తెచ్చినవాడు తప్పు ఒప్పుకుంటాడా? కథ తనే చెప్పేశాడు. కోటలో బందీ అయిన తండ్రి కోసం బయల్దేరిన కుర్రాడికి రంగడని పేరు కూడా పెట్టాడు.

రంగడు కొండ అంచున తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. పైన దొంగ కత్తి దూశాడు. అంతలో ఠపీమని తెర నల్లబడింది. పెద్దగా నాలుగక్షరాలు. ఇ, ఎన్, డి, ఇ. కింద ఇంకేదో చిన్న వరుస.

బాబాయి కూడబలుక్కున్నాడు. "ఎం...డే. ఎండే! చూశావటే, వాణ్ణి చంపింది దొంగ కాదు, ఎండే! మిట్టమధ్యాహ్నం కొండెక్కితే మరేమవుతుంది?"

"బ్లఫ్ చెయ్యకు లా బాబాయ్! జర్మనీవాళ్ళు తెలుగులో ఎందుకు రాస్తారు?" అన్నాడు తమ్ముడు, ఇక్కడి బళ్ళో అంటుకున్న 'లా' తోక తగిలించి.

"మీ నాన్నకి నేను మెసేజ్ ఎలా కొడతానురా? ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే కదా!"

నేను నమ్మాను. వెక్కివెక్కి ఏడ్చాను. ఆ తర్వాత ఆడుకోవడానికి చెప్పులు వేసుకుంటే చాలు... "రంగడి గతి గుర్తుందా?" అనేవాడు బాబాయి. కింద అందరూ సైకిళ్ళు తొక్కుతుంటే కిటికీ ఊచలు పట్టుకుని చూసేదాన్ని.

ఇప్పుడు ఏసీలు బాగుచేసే పని నాది. ఎండలో నిచ్చెన ఎక్కిన ప్రతిసారీ రంగడే. మొన్న ఆ సినిమా ఫోన్లో దొరికింది. మిషన్ల పుస్తకాల కోసం నా అంతట నేను నేర్చుకున్న నాలుగు జర్మన్ ముక్కలతో ఆ చివరి రాత చదివాను.

"మొదటి భాగం సమాప్తం" అట!

రంగడు చావలేదు! రెండో భాగం ఎంత వెతికినా దొరకలేదు. పాసిర్ రిస్‌లో ఉండే పిన్నికి ఫోన్ చేశాను.

"ఆ డబ్బాలోనే వచ్చిన రెండో డిస్కా? మీ బాబాయి కాఫీ గ్లాసు కింద పెట్టుకునేది అదేనే!"

ఇప్పుడు ఏ భాషైనా ఫోనే క్షణంలో తెలుగు చేసి పెడుతుంది... పక్కన కూర్చుని అంత ధీమాగా అబద్ధం చెప్పేవాళ్ళే లేరు. మీ ఇళ్ళల్లో ఎవరు ఏ హీరోని ఇలా చంపారో రాయండి. నాకు సాక్ష్యాలు కావాలి.

బాబాయ్, కాఫీ మరకలు తుడిచి ఆ డిస్క్ పుంగ్గోల్లో మా ఇంటికి పట్టుకురా. ఆడిందా సరే. ఆడకపోతే నువ్వే కూర్చుని చెప్పాలి... రంగడు వాళ్ళ నాన్నని ఇంటికి తెచ్చాడని.

ఆదివారం పొద్దుగూకేలోపు జవాబు రావాలి. ఎండగా ఉందని మాత్రం చెప్పకు.