గోడ వెనక ఏడుపు

నా చిన్నప్పుడు ఫిల్మ్ నగర్‌లో ఇళ్లకంటే బండలే ఎక్కువ. కృష్ణానగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండే మా పిన్ని సినిమాల్లో దయ్యం వేషాలు వేసేది. మనిషి పొడుగు, కళ్లు పెద్దవి, పైగా రెప్ప వేయకుండా చాలాసేపు చూడగలదు. ఇంట్లో మాత్రం బొద్దింక కనిపిస్తే మంచమెక్కేది. సెలవుల్లో నన్నూ షూటింగుకి తీసుకెళ్లేది.

ఆరోజు బండల మధ్య వేసిన పాత మహలు సెట్టులో ఆఖరి రోజు. భోజనాలయ్యాక మహలుని తగలబెట్టే సీను. ఎదురుగా చూస్తే రాతి గోడలు, స్తంభాలు. తలుపు తీస్తే గది ఉండదు. వెదురు బొంగులూ గోనెపట్టాలూ, వాటి వెనక చీకటి. నాకు దయ్యంకంటే ఆ తలుపులంటేనే భయం.

అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు గోడ వెనకనుంచి సన్నగా ఏడుపు మొదలైంది. ఆగుతుంది, మళ్లీ వస్తుంది. కలుపుతున్న చేతులు విస్తళ్లలోనే ఆగిపోయాయి. నెలల తరబడి దయ్యం ఏడుపులు తీసినవాళ్లే నిజం చప్పుడుకి జడుసుకున్నారు. "ఎవ్వరు లేని కాడ గట్ల ఏడుస్తుందేంది సార్?" అన్నాడు లైట్లు పెట్టే మామ. మేనేజరు, గుమ్మడికాయతో దిష్టి తీసి తొందరగా నిప్పు పెట్టేస్తే పీడ విరగడవుతుందన్నాడు. అందరూ తలలూపారు.

పిన్ని ఒక్కతే లేచింది. ముఖానికి తెల్లరంగు, కళ్ల చుట్టూ మసి, మోకాళ్లదాకా సవరం. ఆ వేషంలోనే నా చెయ్యి పట్టుకుని తలుపు తీసి లోపలికి నడిచింది. వెదురు కిర్రుమన్నప్పుడల్లా నా వెనక్కి నక్కింది. దయ్యానికే భయమేస్తోందని తెలిసేసరికి నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

కళ్లు గట్టిగా మూసుకుని ఒక గోనెపట్టా మడతలోకి చెయ్యి పెట్టింది. తీసేసరికి గుప్పిట్లో గోరింక పిల్ల. ఈకలు సరిగా రాలేదు, నోరంతా పసుపు. తలెత్తి చూస్తే బోలు స్తంభం పైన గూడు, అందులో ఇంకొన్ని నోళ్లు. మనిషి చెయ్యి తగిలితే తల్లి ఇక పిల్లను చేరనివ్వదని మా వీధిలో అనేవాళ్లు; నేనూ అదే అన్నాను.

"నేనీ రంగు పూసుకున్నానని నువ్వు నా చెయ్యి వదిలేశావా? తల్లి మాత్రం ఎందుకు వదిలేస్తుందే?" అంది పిన్ని.

పిల్లలతో సహా గూడును మేకప్ బుట్టలో పెట్టించి, కాస్త ఎడంగా ఉన్న వేపకొమ్మకు కట్టించింది. తర్వాత అందర్నీ దూరం జరగమంది. "తల్లి వచ్చేదాకా నిప్పు పెట్టకండి సార్" అని మహలు వాకిట్లో నిలబడింది. వెలుతురు పోతోందని డైరెక్టరు గొణిగాడు గానీ, ఆ ముఖంతో ఆమె రెప్ప వేయకుండా చూస్తుంటే ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? చివరికి ఓ గోరింక పురుగును కరుచుకుని వచ్చింది. స్తంభం చుట్టూ తిరిగి తిరిగి, పిల్లల అరుపులు విని బుట్టమీద వాలింది. నాకు ఏడుపొచ్చేసింది.

ఇక చాలు రమ్మని అందరూ పిలుస్తున్నా, పిన్ని మళ్లీ లోపలికి వెళ్లింది. ప్రతి మడతా తడిమి, ఖాళీ చేతులతో తిరిగొచ్చింది.

నిప్పు పెట్టారు. మంట గోడ వెనక్కి పాకగానే మళ్లీ ఏడుపు వినిపించింది. అదే సన్నటి గొంతు. కెమెరా దగ్గర ఎవరో చేతులు జోడించారు. నేను పిన్ని చీరలో ముఖం దాచుకున్నాను.

"అది వెదురే. కాలితే అలాగే కూస్తుంది" అంది పిన్ని, మంటనే చూస్తూ. "వెతికాం కాబట్టి వెదురని చెప్పగలుగుతున్నా. వెతక్కపోయుంటే బతికినన్నాళ్లూ మనకది పిల్ల ఏడుపే."

ఇప్పుడు జూబ్లీ హిల్స్‌లో మా అబ్బాయి ఫ్లాటులో ఉంటున్నాను. గోడ అవతల ఏదైనా ఏడుపు వినిపిస్తే, "టీవీ అయ్యుంటుందిలే అమ్మా" అంటాడు వాడు. అయ్యుండొచ్చు. కానీ వెళ్లి బెల్లు కొట్టి, కళ్లారా చూసి వచ్చేదాకా నాకది టీవీ కాదు.